అభ్రకం పేరెత్తిన ఒక్క వాక్యం

మా మేనకోడలు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో, పదార్థ విజ్ఞాన శాఖలో పరిశోధన చేస్తోంది. ఆ శాఖవారు ఏటా సిరామిక్స్ (మట్టి, ఖనిజపు పొడులు కాల్చి చేసే పదార్థాలు) రంగంలో గట్టి కృషి చేసిన ఒకరిని ఎంచుకుని, వారి గౌరవార్థం ఒక రోజు సదస్సు జరుపుతారు. ఈసారి సదస్సు వీడియో నాకు పంపి, “మామయ్యా, నిద్ర పట్టనప్పుడు చూడు, మరిచిపోయిన కెమిస్ట్రీ కాస్త గుర్తొస్తుంది” అంది. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని ఇలా దెప్పడం దానికి అలవాటే. నెల్లూరులో రాత్రి పదకొండు దాటినా మిద్దె చల్లబడని రోజులవి. మిద్దె మీద మడతమంచం వేసుకుని, ఫోను గుండెల మీద నిలబెట్టుకుని చూడటం మొదలుపెట్టాను.

సత్కారం అందుకుంటున్న పెద్దమనిషి జీవితమంతా, విద్యుత్తును దాచి ఉంచే కెపాసిటర్లలో వాడే బేరియం టైటనేట్ అనే సిరామిక్ మీద పని చేసినవారు. మూడో వక్త ఆ పదార్థం చరిత్రను రెండు నిమిషాలలో చెబుతూ, యుద్ధకాలంలో అభ్రకం (మైకా) దొరకడం కష్టమైనందువల్ల దానికి బదులు వేరే పదార్థం కోసం వెదుకులాట మొదలైందని ఒక్క వాక్యం అని, తెర మీద తరువాతి బొమ్మకు వెళ్ళిపోయాడు. నేను వీడియో ఆపి, వెనక్కి జరిపి, ఆ వాక్యాన్ని మళ్ళీ విన్నాను. దొరకడం కష్టమైన చోటు వాళ్ళది. దొరికే చోటు మాది. మా అమ్మ పుట్టిల్లు సైదాపురం మండలంలో, కలిచేడు గనులకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది.

ఆ రాత్రి నుంచి ఈ నెలన్నరగా ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ఇటువంటి సదస్సు మన దగ్గర కూడా ఏటా ఒకటి జరగాలని, అదీ ఏ మహానగరంలోనో కాక, రాయి పుట్టిన చోటనే జరగాలని నాకు అనిపిస్తోంది. అయితే ఈ మాట అనగానే నాలోనే నాలుగు అభ్యంతరాలు లేచాయి. స్నేహితులు మరో నాలుగు లేవదీశారు. వాటన్నిటినీ ఇక్కడ పెడుతున్నాను.

కత్తెర పట్టిన చేతులు

మా పెద్దమ్మ మైకా షెడ్డులో పని చేసింది. ఆమెకంటే ముందు, యుద్ధం రోజులలో, మా అమ్మమ్మ కూడా అక్కడే పని చేసింది. గని నుంచి వచ్చిన దిమ్మను చాకుతో పొరలు పొరలుగా విడదీయడం, మచ్చ ఉన్న భాగాన్ని, పగిలిన అంచును కత్తెరతో తీసివేయడం, వెడల్పును బట్టి, నిగ్గును బట్టి వేరు చేయడం వాళ్ళ పని. బీహారు వైపు ఈ అంచులను కొడవలితో కోసేవారు, మా వైపు కత్తెరతో కోసేవారు. వ్యాపారులు సరుకు అంచు చూసి అది ఏ వైపుదో చెప్పగలిగేవారట. మా నెల్లూరు అభ్రకానికి పచ్చటి ఛాయ ఉంటుంది. ఒక్క పొర తీసి చూస్తే అది కనపడదు. పది పొరలు కలిపి ఎండకు పెడితే లేత మామిడాకు రంగు తేలుతుంది.

ఆ పొరలు ఎక్కడికి పోయేవో పెద్దమ్మకు తెలియదు. “దొరల రేడియోలకు” అనేది. ఆ మాట నిజమే. రేడియో వాల్వులలో తీగలను ఎడంగా పట్టి ఉంచింది అభ్రకం రేకులు. కెపాసిటర్లలో రెండు లోహపు రేకుల మధ్య ఉన్నది అదే. ఇస్త్రీపెట్టెలో తీగ చుట్టింది కూడా దాని మీదే. 1940ల యుద్ధంలో వైర్‌లెస్ సెట్లకు, రాడార్లకు రేకు అభ్రకం ఎంత అవసరమైందంటే, బ్రిటన్, అమెరికా కలిసి దాని కొనుగోలు కోసమే మన దేశానికి ఒక ఉమ్మడి బృందాన్ని పంపాయి. సముద్రంలో ఓడలు మునుగుతున్న కాలంలో ఆ సరఫరా మీద నమ్మకం పెట్టుకోలేక, మట్టిని కాల్చి చేసే సిరామిక్ పదార్థాలలో ప్రత్యామ్నాయం వెదికారు. అభ్రకానికి గాలితో పోలిస్తే విద్యుత్తును దాచే గుణం ఆరేడు రెట్లు. టైటానియం ఆక్సైడుకు అది వంద దరిదాపుల్లో ఉంటుంది. దానికి బేరియం కలిపి కాల్చినప్పుడు వచ్చిన పదార్థంలో ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఈ సంగతిని అమెరికాలో, జపానులో, సోవియట్ రష్యాలో, యుద్ధం వల్ల ఒకరి పని ఒకరికి తెలియని రోజులలో, వేర్వేరుగా కనుక్కున్నారు.

ఈనాడు మన చేతిలోని ఫోనులో ఆ బేరియం టైటనేట్ కెపాసిటర్లు వందల్లో ఉంటాయి. ఖరీదైన ఫోనులో వెయ్యి దాకా ఉంటాయి. ఆవగింజ కంటే చిన్న దిమ్మలో వందల పొరలు, ఒక్కొక్క పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఆ రాత్రి నేను ఆ సదస్సును చూస్తున్న ఫోను కూడా అటువంటిదే కాబట్టి, మా పెద్దమ్మ పనిని పోగొట్టిన పదార్థం నా గుండెల మీద నిలబడి తన చరిత్రను తానే చెప్పుకున్నట్టయింది. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు రావడం ఒక దెబ్బ, సిరామిక్ కెపాసిటర్లు పెరగడం ఇంకొక దెబ్బ. మా వైపు షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు. మెరుగైన పదార్థం వస్తే పాతది పక్కకు తప్పుకుంటుంది. నా బాధ షెడ్లు మూతపడినందుకు కాదు. ఆ కథ మొత్తంలో మా వైపు మిగిలింది ఒక్క వాక్యమే అయినందుకు, ఆ వాక్యం కూడా మా దగ్గర ఎవరూ పలకనందుకు.

శాలువా లేని సత్కారం

ముందు ఆ సదస్సు నడిచిన తీరు గురించి చెప్పాలి. ఎందుకంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. సత్కారం పొందుతున్నాయన పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా మొదటి వరుసలో కూర్చుని, నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉన్నారు. మాట్లాడినవారిలో ఆయన శిష్యులున్నారు, ఆయనతో ఏళ్ళ తరబడి విభేదించినవారూ ఉన్నారు. ఎవరూ ఆయన గుణగణాలు వర్ణించలేదు. ఆయన పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, తాము అక్కడి నుంచి ఎటు వెళ్ళాము అన్నదే చెప్పారు. అభినందన అంతా ఆ వివరాలలోనే ఇమిడి ఉంది.

మధ్యాహ్నం ఒక విద్యార్థిని లేచి, చాలా ఏళ్ళ క్రితం ఆయన ప్రకటించిన ఒక కొలత తనకు ఎంత ప్రయత్నించినా రావడం లేదని చెప్పింది. సభలో చిన్న కలకలం. ఆయన నవ్వి, ఆ కొలత నిజమేనని, కానీ దానికి కారణం తాము అనుకున్నది కాదని, పొడిని నూరే మర గుండ్లు అరిగి వాటి నుంచి రాలిన మలినం కొంత పొడిలో కలిసిందని, ఆ సంగతి తెలుసుకోవడానికి తమకు ఆరేళ్ళు పట్టిందని చెప్పారు. తరువాత, “ఆ గుండ్లు ఇంకా నా దగ్గర ఉన్నాయి, కావాలంటే పంపుతాను” అన్నారు. చప్పట్లు అన్నిటికంటే ఎక్కువగా మోగింది అప్పుడే.

ఇది చూస్తుంటే, సిరామిక్స్‌లో సత్కారం అనేది ఇలాగే ఉండాలేమో అనిపించింది. లోహం వంగుతుంది, కాబట్టి లోపం ఉన్నా కొంతకాలం ఓర్చుకుంటుంది. సిరామిక్ వంగదు. లోపల కంటికి కనపడని పగులు ఒక్కటి ఉన్నా, బరువు పడగానే ఆ పగులు చివర నుంచే చీలిపోతుంది. అందువల్ల ఈ రంగంలో సాధన అంటే చాలావరకు లోపాలను వెదికి పట్టుకోవడమే. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చి తీసేస్తున్నారు గానీ, మన ట్రంకు రోడ్డు మీద ఇరవై ముప్పై ఏళ్ళు నారింజ వెలుగునిచ్చిన సోడియం దీపాలనే చూడండి. వాటి లోపలి గొట్టం అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) సిరామిక్‌తో చేసినది. సోడియం ఆవిరి ఆ వేడిలో గాజును తినేస్తుంది. అల్యూమినాను తినదు, కానీ అల్యూమినా తెల్లగా, వెలుగు పోనివ్వకుండా ఉండేది. దానికి కారణం అందులో చిక్కుకున్న సన్నటి గాలి రంధ్రాలు. 1950ల చివర అమెరికాలో రాబర్ట్ కోబుల్ అనే శాస్త్రవేత్త, పొడిలో చిటికెడు మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడు) కలిపితే ఆ రంధ్రాలు గింజల లోపల చిక్కుపడక బయటకు తప్పుకుంటాయని చూపి, వెలుగు పారే అల్యూమినాను సాధించాడు. కొత్తగా చేర్చినదాని కంటే, లోపల నుంచి తీసివేసినదే అక్కడ గొప్ప.

మన ఊళ్ళలో కుండ కొనేటప్పుడు ఇదే చేసేవాళ్ళం. కుండను ఎడమ అరచేతిలో పట్టుకుని కుడిచేతి వేళ్ళ కణుపులతో తట్టి చూడనిదే మా అమ్మ డబ్బులు తీసేది కాదు. కంగుమంటే కాలిన కుండ. బొదబొదమంటే ఎక్కడో బీటుంది. అలా తట్టి చూసినందుకు కుమ్మరి ఏనాడూ నొచ్చుకోలేదు, పైగా తానే తట్టి వినిపించేవాడు.

మన సన్మాన సభలలో ఈ తట్టి చూడటం ఉండదు. నాలుగేళ్ళ క్రితం ఒంగోలులో ఒక సన్మానానికి వెళ్ళాను. పొందుతున్నది నాకు బాగా తెలిసిన మనిషి, చీమకుర్తి క్వారీలలో రాయి కోతకు వాడే వజ్రపు తీగ అరుగుదలను తగ్గించడానికి నీటి ధారను, తీగ వేగాన్ని ఎలా సరిచేయాలో సొంతంగా లెక్క కట్టినవాడు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఎనిమిది మంది మాట్లాడారు. ఒక్కరూ ఆ తీగ సంగతి ఎత్తలేదు. ఇతనికి చివర మూడు నిమిషాలిచ్చారు, అందులో రెండు నిమిషాలు వేదిక మీది పెద్దల పేర్లు చెప్పడానికే సరిపోయాయి. జ్ఞాపిక మాత్రం నల్ల గెలాక్సీ రాయితో చేసినది, చుక్కలు చుక్కలుగా భలే ఉంది. (దాన్ని గ్రానైట్ అని అమ్ముతారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఈ మాటైనా ఆ సభలో ఎవరన్నా అంటారేమోనని ఎదురుచూశాను.) బయటకు వచ్చాక అతను నాతో అన్న మాట, “సార్, ఒక్కరన్నా ఎట్టా చేశావని అడగలా.”

కాబట్టి, మన దగ్గర ఇటువంటి సదస్సు జరగాలని నేనన్నప్పుడు, ఇంకొక శాలువా సభ పెట్టమని నా ఉద్దేశం కాదు. సత్కారం పొందేవారు రోజంతా కూర్చుని వినాలి, అడిగినదానికి జవాబివ్వాలి, చెడిపోయిన నమూనాలు కూడా తీసుకురావాలి. ఇవి కుదరని పక్షంలో ఆ సదస్సు జరగకపోవడమే మేలు.

“సభ పెడితే బట్టీ వెలుగుతుందా?”

నా ఆలోచనను మొదట చెప్పింది ఒక పాత స్నేహితుడితో. అతను గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చేసి, ముప్పై రెండేళ్ళు వేరే రాష్ట్రాలలో టైల్సు, ఇన్సులేటర్ల ఫ్యాక్టరీలలో పని చేసి వచ్చినవాడు. పింగాణీకి కావలసినవి మూడు, తెల్లమట్టి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. వాటిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే రాళ్ళు రెండూ మా జిల్లా నేలలో ఉన్నాయి. గాజుకు కావలసిన సిలికా ఇసుక కోట, చిల్లకూరు మండలాలలో ఉంది. గూడూరులో ఆ చదువు పుట్టడానికి కారణమే అది. (గూడూరును ఏ జిల్లా పటంలో పెట్టినా మాకు అది నెల్లూరే.) అయితే అక్కడ చదివిన కుర్రవాళ్ళలో చాలామంది రైలెక్కారు. వాళ్ళ కంటే ముందే రాయి కూడా లారీ ఎక్కింది.

అతను నా మాట అంతా విని, “సభ పెడితే బట్టీ వెలుగుతుందా అబ్బయ్యా?” అన్నాడు. తరువాత గంటసేపు మోర్బీ గురించి చెప్పాడు. గుజరాత్‌లోని ఆ ఊరు మన దేశపు టైల్సుకు రాజధాని అయింది ఏ విశ్వవిద్యాలయం సదస్సు వల్లా కాదు. ఒకరిని చూసి ఒకరు పెట్టుబడి పెట్టే బంధువర్గం, దగ్గరలో రేవు, రాజస్థాన్ నుంచి మట్టి తెచ్చే లారీలు, అన్నిటికంటే ముఖ్యంగా బట్టీకి ఇంధనం. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, బొగ్గు నుంచి గ్యాసు తీసే గ్యాసిఫయర్లను మూసివేయమన్నప్పుడు అక్కడి ఫ్యాక్టరీలు సహజవాయువుకు మారగలిగాయంటే పైపులైను వచ్చి ఉండబట్టే. “మనకు రాయి ఉందని మురుస్తాం. బట్టీకి రాయి కంటే ముందు మంట కావాల. మంట చౌకగా ఉన్న చోటికే రాయి పోతుంది, రాయి ఉన్న చోటికి మంట రాదు” అన్నాడు.

ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. సదస్సు వల్ల ఫ్యాక్టరీలు వస్తాయని నేను అనుకుంటే అది పొరపాటే. అమెరికాలో కూడా వరస వేరుగానే నడిచింది. ఒహాయోలో ఇటుకలు, గొట్టాలు కాల్చే బట్టీలు ముందు వచ్చాయి. ఆ తరువాత 1894లో ఎడ్వర్డ్ ఆర్టన్ అక్కడి విశ్వవిద్యాలయంలో సిరామిక్స్‌ను చదువుగా మొదలుపెట్టాడు. 1900లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్ఫ్రెడ్‌లో రెండో పెద్ద పాఠశాల వచ్చింది. పేరు పెట్టి సత్కరించే సదస్సులు వాటికి ఎంతో కాలం తరువాతి మాట. మన దేశంలో కాశీ విశ్వవిద్యాలయం 1924లోనే సిరామిక్స్ శాఖను తెరిచింది. అయినా కాశీ టైల్సుకు రాజధాని కాలేదు. చదువు ముందొస్తే పరిశ్రమ వస్తుందన్న హామీ ఎక్కడా లేదు.

అయితే అతను మాట్లాడుతున్నంతసేపూ నేను ఇంకొకటి గమనిస్తూ ఉన్నాను. ఆ గంటలో అతను చెప్పినవాటిలో సగం ఏ పుస్తకంలోనూ లేనివి. వర్షాకాలంలో మట్టి తడి మారినప్పుడు ఇన్సులేటరు ఆరబెట్టే గదిలో ఏ మూల పెట్టినవి ముందు బీటలు వారతాయో, క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది కాబట్టి బట్టీ చల్లారేటప్పుడు ఆ మెట్టు దగ్గర ఎంతసేపు నెమ్మదించాలో, సైదాపురం రాయికీ రాజస్థాన్ రాయికీ ఆ నెమ్మదింపులో ఎంత తేడా ఇవ్వాలో అతను తన ఇంటి చిరునామా చెప్పినంత సులువుగా చెప్పాడు. అదంతా తన వెనుక వచ్చినవారికి ఎవరికైనా చెప్పావా అని అడిగాను. “అడిగితే గదా” అన్నాడు. క్వారీ మనిషి ఒంగోలులో అన్న మాటా ఇదే.

సదస్సు బట్టీని వెలిగించదు, సరే. కానీ వెలిగిన బట్టీల దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడిన మనుషులు ఇప్పుడు నెల్లూరు, గూడూరు, కావలి వీధులలో మనవళ్ళను బడికి దింపి వస్తున్నారు. వాళ్ళను ఒక రోజు కూర్చోబెట్టి అడగడానికి పైపులైను అక్కరలేదు.

ఎవరిని పిలవాలి?

రెండో చిక్కు ఎంపికది. బేరియం టైటనేట్‌ను మూడు దేశాలలో మూడు బృందాలు కనుక్కున్నప్పుడు ఒక్కరిని వేదిక ఎక్కించడం న్యాయమా? ఆ అమెరికా సదస్సు పట్ల నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే. పనిని అంత నిజాయితీగా తట్టి చూసినవారు, మనిషి దగ్గరకు వచ్చేసరికి ఒక్క పేరుతో సరిపెట్టారు. పొడి నూరినవారు, కొలిమి కాచినవారు చివరి బొమ్మలో చిన్న అక్షరాలలో కనిపించారు. వాళ్ళకు పొడి అమ్మిన దేశం, ఆ పొడికి ముందు ఉన్న రాయి, ఆ రాయికి ముందు ఉన్న అభ్రకం ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాయి.

అందువల్ల మా దగ్గర ఏటా ఒక మనిషిని కాక ఒక పనిని ఎంచుకోవాలని నాకనిపిస్తుంది. ఒక ఏడాది అభ్రకం. దాన్ని విడదీసినవారు, దానితో కెపాసిటర్లు చేసినవారు, దాన్ని పక్కకు నెట్టిన సిరామిక్ మీద పని చేస్తున్నవారు ఒకే గదిలో కూర్చోవాలి. (వేడికి విలువ మారకుండా నిలబడటంలో అభ్రకం కెపాసిటరు ఇప్పటికీ బేరియం టైటనేట్ కంటే మేలు కాబట్టి, ఆ చర్చలో పెద్దమ్మ పక్షం పూర్తిగా ఓడిపోదు.) ఇంకొక ఏడాది సిలికా. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి ఎగిరి, పన్నెండు రోజులు కక్ష్యలో ఉండి, బంగాళాఖాతంలో చల్లగా దిగిన చిన్న వ్యోమపేటికను వేడి నుంచి కాపాడినవాటిలో సిలికా పలకలున్నాయి. ఆ సిలికా మా కోట ఇసుక నుంచి వచ్చిందని నేననడం లేదు. కానీ ఇసుక లారీలు పోయే దారికి కూతవేటు దూరంలో ఆ ప్రయోగం జరిగిందన్న సంగతి, ఆ లారీ నడిపే కుర్రవాడికి ఎవరైనా చెప్పారా అని మాత్రం అడుగుతున్నాను. మరొక ఏడాది పింగాణీ. మా తీరంలోని కొత్తపట్నంలో, ఇటు మోటుపల్లిలో తవ్వకాలు జరిపినప్పుడు చైనా పింగాణీ పెంకులు దొరికాయి. ఏడువందల ఏళ్ళ క్రితం చైనా నుంచి కాల్చిన పింగాణీ ఇక్కడికి దిగింది. ఈనాడు మా క్వార్ట్జ్ కాలకుండానే చైనాకు ఎగుమతి అవుతోంది. దీని మీద ఒక పూట మాట్లాడుకోవడానికి చాలా ఉంది.

పనిని ఎంచుకుంటే ఎంపికలో రాజకీయం రాదా? వస్తుంది. క్వార్ట్జ్ చుట్టూ మా వైపు ఎంత రాజకీయం ఉందో పత్రికలు చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. సదస్సు ఖర్చు గనుల యజమానులు పెట్టుకుంటే సదస్సు వాళ్ళదే అవుతుంది. ఈ భయానికి నాకు తోచిన జవాబు ఒక్కటే. ఖర్చు తక్కువగా ఉండాలి. ఒక కళాశాల గది, వంద కుర్చీలు, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. అంతకు మించి ఖర్చయ్యే సభ అయితే దాతలు కావాలి, దాతలు వస్తే శాలువాలు వస్తాయి.

దుమ్ము సంగతి

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మా ఇంటిలోనే పుట్టింది. ఈ వ్యాసం మొదటి ప్రతి చదివిన మా అక్క, “పెద్దమ్మ కత్తెర గురించి ఇంత రాశావే, పెదనాన్న దగ్గు గురించి ఒక్క ముక్క రాయలేదేం?” అని అడిగింది.

పెదనాన్న గనిలో రాయికి రంధ్రాలు వేసేవాడు. అభ్రకం పెగ్మటైట్ అనే రాతి పట్టీలలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లతో కలిసి ఉంటుంది, కాబట్టి అభ్రకం దాకా వెళ్ళడమంటే క్వార్ట్జ్‌ను తొలచడమే. ఆ దుమ్ములోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటకు రాదు. కండ గట్టిపడుతుంది, ఊపిరి చాలదు. దాని పేరు సిలికోసిస్. పెదనాన్నకు క్షయ అన్నారు. రెండు సార్లు క్షయ మందులు పూర్తి కోర్సు మింగించారు. ఆ దగ్గును క్షయగా పొరబడటం ఆ రోజులలో మామూలే, ఈ రోజులలోనూ లేకపోలేదు. ఆయన పోయాక చాలా ఏళ్ళకు, ఒక పాఠ్యపుస్తకంలో సిలికోసిస్ లక్షణాలు చదువుతుంటే నాకు ఆ దగ్గు వినపడింది. నేను కెమిస్ట్రీ లెక్చరరును. సిలికా గురించి ఏటా పాఠం చెప్పినవాణ్ణి. నాకే ఆలస్యంగా తెలిసింది.

సత్కారం పేరుతో ఈ దుమ్మును కప్పివేసే ప్రమాదం ఉందన్న అక్క మాటను నేను కాదనలేను. పదార్థం గొప్పదనం గురించి మాట్లాడే గదిలో, ఆ పదార్థాన్ని తీసినవాడి ఊపిరి గురించి మాట్లాడటం మర్యాద కాదనే భావం తేలికగా పుడుతుంది. అమెరికా సదస్సులో రోజంతా పొడులు, నూర్పిడులు, గింజల పరిమాణాలు నడిచాయి గానీ దుమ్ము మాట రాలేదు. అక్కడి ప్రయోగశాలలలో గాలిని పీల్చేసే గూళ్ళు ఉంటాయి, వాళ్ళకు ఆ మాట గుర్తుకు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర రాయి పొడి కొట్టే మిల్లులలో మూతికి తుండుగుడ్డ తప్ప వేరే అడ్డు లేనివారిని నేను చూశాను. తడి డ్రిల్లింగు, దుమ్మును పీల్చే యంత్రం, ఏడాదికి ఒక ఎక్స్‌రే ఇవన్నీ తెలిసిన ఉపాయాలే, కొత్తగా కనిపెట్టవలసినవి కావు. మా సదస్సులో మొదటి ఉపన్యాసం దుమ్ము మీద, ఊపిరితిత్తుల వైద్యుడితో ఇప్పించాలి. చివరన కాదు, మొదటే. మధ్యాహ్నం తరువాతైతే గది సగం ఖాళీ అవుతుంది.

అక్క దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. “ముందు ఆ ఎక్స్‌రేలు తీయించండి, సభ తరువాత చూద్దాం” అంది. బహుశా ఆమె చెప్పిన వరసే సరైనదేమో. నాకు ఇంకా తేలలేదు.

నాలుగో మూల

ఈ గొడవంతా మేనకోడలికి ఉత్తరంలా పెద్దగా రాసి పంపాను. అది రెండు రోజులకు జవాబిచ్చింది. వచ్చే ఏడాది సదస్సులో విద్యార్థుల వంతు తనదట. బేరియం టైటనేట్ చరిత్ర ఉన్న ఆ బొమ్మ పక్కన ఇంకొక బొమ్మ పెట్టడానికి తన గురువు ఒప్పుకున్నారట. “పెద్దమ్మమ్మ విడదీసిన రేకు ఏమన్నా ఉందా మామయ్యా? ఫోటో చాలదు. మందం ఎంతో కూడా కావాలి. ఊరికే ‘పలుచగా ఉంది’ అంటే ఇక్కడ ఎవరూ ఊరుకోరు” అని రాసింది.

ట్రంకు పెట్టె అడుగున, పాత పట్టు రవిక మడతలో, పెద్దమ్మ కత్తెర, దాని పక్కన కాగితంలో చుట్టిన మూడు రేకులు దొరికాయి. చదరంగా, ఒక్కొక్కటి అరచేయంత. వాటిని పట్టుకుని నేను పని చేసిన కళాశాల ఫిజిక్స్ ల్యాబుకు వెళ్ళాను. అటెండరు గుర్తుపట్టి స్క్రూగేజీ తెచ్చి ఇచ్చాడు. మిల్లీమీటరులో వందో వంతు దాకా చూపే మామూలు గేజీ. ముందు శూన్య దోషం చూసుకున్నాను, లేదు. మంచి రేకును ఎంచి, ఒక్కొక్క మూల మూడేసి సార్లు కొలిచాను. చాకు తప్ప వేరే పనిముట్టు లేకుండా, కంటితో చూసి, వేలితో తడిమి విడదీసిన రేకు అది. మూడు మూలల్లో 0.03 వచ్చింది. నాలుగో మూల 0.04. మళ్ళీ కొలిచినా అంతే. నాలుగో మూల అంకె కూడా రాసే పంపాను.